తోమిన కంచు

1970 డిసెంబరు 8, మంగళవారం

మిల్లు ఆగిపోయింది.

మూడో క్లాసు పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఏడో ఎక్కం మధ్యలో వాళ్ళే ఊరుకుని కిటికీ వైపు చూశారు. చప్పుడు లేదు. చెరకు క్రషింగు మొదలై పట్టుమని పది రోజులు కాలేదు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి మోచేతులదాకా నలుపు. చెరకు నలిపే పెద్ద రోలరు ఇరుసు తన బ్రాసులో పట్టేసిందట, పొగలు లేచాయట. పేరుకి బ్రాసు గాని అది కంచు దిమ్మ. కొంచెం సీసం కలిపి పోత పోస్తారు. తొట్టిలా తొలిచి ఉంటుంది, ఇరుసు అందులో కూర్చుని నూనెలో తిరుగుతుంది. ఇన్నేళ్ళు ఫిట్టరు పెళ్ళాన్ని, ఈ మాత్రం తెలియకపోతే ఎలా. చెరకు బళ్ళు గేటు దగ్గర్నుంచి చీడికాడ రోడ్డు మీదికంటా నిలబడిపోయాయి. చెరకు ఎండినకొద్దీ రసం తగ్గుతుంది. రైతులు ఊరుకుంటారా? ఆఫీసు ముందు ఒకటే గోల.

ఆయన అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా అడిగారు.

“జ్ఞానా, దసరాకి ముందర నాకు సింతపండు ఇచ్చేవు కదా. ఎంతిచ్చేవు?”

“ఎవరికి గుర్తు? చారు చల్లారిపోతంది, తినండి,” అన్నాను.

నాకు గుర్తుంది. పాత చింతపండు, జాడీలో సగం.

డిసెంబరు 9, బుధవారం

బంగార్రాజు అన్నయ్యని సస్పెండు చేశారు. ఆ రోలరుకి నూనె పెట్టే డ్యూటీ అతనిది. నూనె అందకే పట్టేసింది అన్నారు. అంత మంది ముందు పెద్ద ఇంజనీరు “నిద్రపోయావా?” అని అడిగాడట. అతను డ్యూటీలో కునికే మనిషి కాదు, అది మిల్లులో అందరికీ తెలుసు.

అతను నాకు వరసకి అన్నయ్యేమీ కాదు. వాళ్ళు హిందువులు, మేము క్రైస్తవులం. ఈయనా అతనూ ఒకే ఏడు మిల్లులో చేరారు, ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం మొదలెట్టారు. అలా అతను నాకు అన్నయ్యా, అతని భార్య నరసమ్మ నాకు వదినా అయ్యారు. ఏటా దసరాకి మిల్లులో ఆయుధపూజ చేస్తారు. మేము ప్రసాదం తినం కాబట్టి నరసమ్మ వదిన పూజకి ముందే ఒక కొబ్బరికాయ తీసి పక్కన పెట్టి మాకు పంపుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ మరిచిపోలేదు.

ఈ ఏడు దసరాకి రోలరు విప్పి ఉంది. బ్రాసుని కూడా పూజలో పెడదామనుకున్నారు. “మీరు మాకోసం ఇంత చూస్తారు, నేను పూజకి రాలేను, తోమడం పూజ కాదు కదా,” అని ఈయన ఆ పని తన మీద వేసుకున్నారు. షెడ్డులో కూర్చుని చింతపండూ, ఇటుక పొడీ పెట్టి తోమారు. ఏళ్ళ తరబడి నల్లగా ఉన్నది బంగారంలా తేలింది. అన్నయ్య ఈయన్ని కౌగలించుకుని, “ఇన్నాళ్ళకి మా పూజకి వచ్చేవురా బావా,” అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి నాకు రెండుసార్లు చెప్పారు. అంత సంతోషం ఆయన మొహంలో నేనెప్పుడో గాని చూడలేదు.

ఇదంతా ఎందుకు రాశానో.

డిసెంబరు 10

చింతపండు పెట్టి తోమితే కంచు పాడవదు. మా అమ్మ బతుకంతా తోమింది.

డిసెంబరు 13, ఆదివారం

చర్చిలో పరలోక ప్రార్థన సగంలో ఆయన గొంతు ఆగిపోయింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది.

ఇంటికొచ్చాక చొక్కా మార్చుకోకుండా, “ఇంజినీరు గారింటికెల్లొస్తాను,” అన్నారు.

కాసేపు మాట్లాడుకున్నాం. ఆయన వెళ్ళలేదు. ఎండగా కూడా ఉంది.

డిసెంబరు 15, మంగళవారం

నరసమ్మ వదిన బడికి వచ్చింది. అన్నయ్య తరఫున అర్జీ రాసిపెట్టాలట. పిల్లల్ని ఆటకి వదిలి, అక్కడే బల్ల మీద రాశాను.

“నూనె సరిగ్గానే పెట్టేడని రాయి వదినా. అమ్మోరి మీద ఒట్టేసి సెప్తన్నాడు. డబ్బా పట్టుకుని ఇరుసు కాడే నిలబడ్డాడంట. మా ఆయన ఎలాంటోడో నీకు తెల్దేటి?”

“తెలుసు.”

“మరైతే బాగా రాయి. నీ రాత సూసి నమ్మాల.”

చాలా బాగా రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. రాసిన ప్రతి ముక్కా నిజమే. అబద్ధం ఒక్కటి కూడా రాయలేదు.

డిసెంబరు 17, గురువారం

పొద్దున్న పక్కింట్లో కేకలు. కొత్త కోడలు చిన్నమ్మి అత్తగారిని మెప్పిద్దామని అట్ల పెనాన్ని బూడిద పెట్టి తళతళలాడేలా తోమింది. ఇంకేముంది, అట్టు పోస్తే లేవదు. పోసిందల్లా గీక్కుని తియ్యడమే. అత్తగారు గరిట పట్టుకుని నిలబడింది, పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నాకు నవ్వొచ్చి మధ్యలోకి వెళ్ళాను. “పెనాన్ని అలా తోమకూడదే గుంటా. వాడగా వాడగా దానికో పొర కడతాది. అదుంటేనే అట్టు జారతాది. అది నలుపు, అది మురికి అనీసి నువ్వు తోమేస్తే...”

అంతవరకే అన్నాను. చిన్నమ్మి, “తోమేస్తే ఏటవుద్ది పిన్నీ?” అని అడుగుతూనే ఉంది. బడికి వేళయిందని వచ్చేశాను.

వేళ కాలేదు. ఇంట్లో కూర్చుండిపోయాను.

పెనం ఇనుము. బ్రాసు కంచు. రెండూ ఒకటి కాదు.

డిసెంబరు 19

రైతులు చెరకు వెనక్కి తోలుకుపోయి బెల్లం వండుకుంటున్నారు. కొత్త బ్రాసుకి కబురు వెళ్ళింది. పట్టేసిన దాన్ని ముక్క కోసి విశాఖపట్నం కాలేజీలో పరీక్ష చేయిస్తారట. చిన్న ఇంజనీరు అనంతరామయ్య గారు తీసుకెళుతున్నారు. సాయంగా ఈయన్ని రమ్మన్నారు.

వెళ్ళనని చెప్పమన్నాను. “ఏమని సెప్పను?” అన్నారు.

డిసెంబరు 22, మంగళవారం

నిన్న వెళ్ళి ఇవాళ మధ్యాహ్నం వచ్చారు. కాళ్ళు కడుక్కోకుండానే గుమ్మంలో కూర్చుని చెప్పడం మొదలెట్టారు. సాధారణంగా ఆయన నోట పది మాటలు రావాలంటే నేను ఇరవై అడగాలి.

రెండు ముక్కలు కోసి తీసుకెళ్ళారట. ఒకటి ఈ పట్టేసినది, అంచు ముక్క. రెండోది కింది రోలరు బ్రాసుది. దాన్ని దసరాకి విప్పలేదు, పూజకి పోలేదు. కాలేజీలో వాటిని అద్దంలా నునుపు చేసి, ఏదో మందు రాసి, మైక్రోస్కోపు కింద పెట్టారు. ముందు ప్రొఫెసరు చూశాడు, తర్వాత ఇంజనీరు చూశాడు, తర్వాత ఈయన్ని చూడమన్నారు.

“ముందర ఏటీ తెల్లేదు. తరవాత కళ్ళు అలవాటుపడ్డాయి. కంచు లోపలంతా గింజలే జ్ఞానా. లోహమంటే ఒకటే ముద్దనుకున్నాను ఇన్నాళ్ళూ. గింజ పక్కన గింజ, అతుక్కునున్నాయి. మధ్యలో సీసం బొట్లు బొట్లుగా ఉంది. అది కింది రోలరుది, తోమనిది. పైకొచ్చేకొద్దీ ఆ గింజలు నలిగిపోయి, సాగిపోయి, అన్నీ ఇరుసు తిరిగే వైపుకే వాలిపోయున్నాయి. గాలికి వరిచేను పడిపోద్ది సూడు, అలాగ. మరీ పైన గింజే కనపళ్ళేదు. అంత సన్నంగా నూరుకుపోయింది. దాని మీద సీసం పల్చగా పరుచుకుని నల్లటి పొర కట్టింది.”

“ఆ పొర ఎవరు వేశారు?” అని అడిగాను. అడగాల్సిన ప్రశ్న కాదది, టీచరు బుద్ధి.

“ఎవరూ ఎయ్యలేదు. నేనూ అదే అడిగేను. రాపిడే చేసిందంట. ఇరుసు రాసుకుని రాసుకుని, కంచు తన పైభాగాన్ని తనే మార్చుకుందంట. గట్టిపడింది, సన్నబడింది, సీసాన్ని పైకి తెచ్చుకుంది. ఏళ్ళు పడతాదంట దానికి. ఇక ఇరుసు కంచుని తాకదు, ఆ పొర మీదే జారతాది. కొత్త బ్రాసుకి ఆ పొర ఉండదు, అందుకే కొత్తది ఎక్కించినప్పుడు బరువు తగ్గించి నెమ్మదిగా తిప్పుతారు. పాతదానికి అక్కర్లేదు, మొదట్నుంచీ ఫుల్లు లోడు పెట్టేస్తాం. మనం పాతదే కదా అని పెట్టీసేం.”

తర్వాత పట్టేసిన దాని ముక్క. అది చెప్పడానికి మంచినీళ్ళు అడిగి తాగారు.

“పొర లేదు. సీసం ఉండాల్సిన సోట ఉత్త కన్నాలు. పులుపు తగిలితే సీసం కరిగిపోద్దంట. ఆ కన్నాల్లో రేణువులు దిగబడున్నాయి. మన్నో, ఇసకో, గట్టిది ఏదో అన్నాడు ప్రొఫెసరు. ఎర్రగా ఉన్నాయి జ్ఞానా. నేను చూసేను.”

ప్రొఫెసరు తలెత్తి, “ఈ బ్రాసుని ఎవరైనా దేంతోనైనా తోమారా?” అని అడిగాడట. అనంతరామయ్య గారు కార్తీకంలో కొత్తగా వచ్చిన మనిషి, దసరా పూజ చూడలేదు. “ఇదిగో, మా ఈ దేవదానం చేతిలో ఉన్న బ్రాసు అండి అది. అలాంటి పని చెయ్యనివ్వడు,” అన్నారట.

“నా మొగం చూసి అన్నాడు,” అన్నారు ఆయన.

డిసెంబరు 23

ప్రొఫెసరు అడిగింది ఇంజనీరుని. ఈయన్ని కాదు. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదు.

మిల్లులో తోమిన సంగతి ఎవరూ ఎత్తడం లేదు. దాచి కాదు. శుభ్రం చేస్తే పాడవుతుందని ఎవరికి తోస్తుంది?

డిసెంబరు 24, గురువారం

రేణువులు నూనెలోంచే వచ్చాయని తేల్చారు. నూనె డబ్బాకి మూత పెట్టలేదు, మన్ను పడింది, చూసుకోకుండా పోశాడు. ఇక సస్పెన్షను కాదు, పండగ కాగానే బంగార్రాజు అన్నయ్య ఉద్యోగమే తీసేస్తారట. ఎవరిదో తప్పంటూ ఉండాలి కదా, రైతులకి చూపించడానికి. క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి.

నేను కేకు పిండి కలుపుతుండగా ఆయన వచ్చి చెప్పారు. కలుపుతూనే ఉన్నాను. ఎంతసేపు కలిపానో, పిండి జారిపోయి పనికిరాకుండా పోయింది.

డిసెంబరు 25, క్రిస్మస్

వాళ్ళు రారనుకున్నాను. ఎప్పటిలాగే భోజనానికి వచ్చారు. నరసమ్మ వదిన జడలో పువ్వులు కూడా పెట్టుకుంది.

అన్నయ్య ఎప్పటిలాగే నన్ను ఆటపట్టించాడు. “ఏటి చెల్లీ, ఈయేడు మాంసంలో కారం మరిచిపోనావా? మా బావ ఎలా తింటన్నాడో పాపం.” కారం ఎక్కువై అతని కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. కారానికే అనుకుంటాను.

చేతులు కడుక్కుని, వెళ్ళేముందు ఈయన భుజం మీద చెయ్యేసి అన్నాడు. “బావా, నేను నూనె బాగానే పెట్టేనురా. నువ్వైనా నమ్ముతావు కదా?”

“నమ్ముతాను,” అన్నారు ఈయన.

వాళ్ళు వెళ్ళాక పెరట్లోకి వెళ్ళి తిన్నదంతా కక్కుకున్నారు. నేను వీపు రాస్తే నా చెయ్యి తీసేశారు. పెళ్ళయ్యాక ఎన్నడూ అలా తియ్యలేదు.

డిసెంబరు 28, సోమవారం

ఆయన చెప్పేశారు.

నాతో చెప్పి వెళ్ళలేదు. షిఫ్టు మారే వేళకి, పెద్ద ఇంజనీరూ అనంతరామయ్య గారూ మెట్ల మీద నిలబడి ఉండగా, అందరూ చూస్తుండగానే వెళ్ళి చెప్పారట. “బ్రాసు తోమింది నేను. చింతపండుతో, ఇటుక పొడితో. బంగార్రాజు నూనెలో మన్ను లేదు, ఆ రేణువులు నా చేతివే.”

“మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు? ఎవరు దాచమన్నారు?” అని అడిగాడట పెద్ద ఇంజనీరు.

“ఎవరూ సెప్పలేదు బాబూ. నేనే దాసేను,” అన్నారట.

అప్పుడు మిల్లు దగ్గరున్న మా బడి రంగారావు మాస్టారు వచ్చి నాకు ఇవన్నీ చెప్పారు. చెప్పి, “ధైర్యస్తుడమ్మా మీ ఆయన,” అన్నారు.

ఆ ఆదివారం సంగతి ఇప్పుడు రాస్తాను. ఎండ వల్ల ఆగలేదు ఆయన. గుమ్మం దాటుతుంటే చొక్కా వెనక పట్టుకుని లాగాను, కుట్టు ఊడింది. “కిరస్తానీవాడు కావాలనే పూజ చెడగొట్టాడంటారు. మనల్ని ఈ ఊళ్ళో ఉండనిస్తారా?” అన్నాను. ఆ భయం నిజంగానే ఉంది నాకు, ఇప్పటికీ ఉంది. దానికి ఆయన, “బంగార్రాజు సంగతేటి మరి?” అన్నారు. అప్పుడు అన్నాను. “అతనికి దేవరాపల్లిలో పొలముంది. ఉద్యోగం పోతే దున్నుకుని తింటాడు. మనకేముంది?” అన్నాను. నా నోటితోనే అన్నాను. ఆయన కూర్చుండిపోయారు. ఆ చొక్కా నేనే కుట్టి, ఇస్త్రీ చేసి పెట్టాను.

డిసెంబరు 30, బుధవారం

ఆయన్ని పూర్తిగా తీసెయ్యలేదు. ఫిట్టరు పనిలోంచి తప్పించి చెరకు యార్డులో బళ్ళు దింపే కూలీల్లో వేశారు. అనంతరామయ్య గారే అడ్డుపడ్డారని విన్నాను. అన్నయ్యని మళ్ళీ చేర్చుకున్నారు.

కొత్త బ్రాసు ఎక్కించారు. మిల్లు నెమ్మదిగా తిరుగుతోంది, సగం చెరకే వేస్తున్నారు. కొత్తదానికి పొర కట్టేదాకా అంతేనట. వినడానికి వేరే మిల్లులా ఉంది.

కిరస్తానీవాడు పూజ చెడగొట్టాడని నిజంగానే ఒకరిద్దరు అన్నారు. నేను భయపడ్డ మాటలే, అచ్చంగా. మిగతా ఊరంతా చెరకు గురించి మాట్లాడుకుంది.

1971 జనవరి 1, శుక్రవారం

చర్చి నుంచి వచ్చేసరికి నరసమ్మ వదిన మా అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకుని ఏడ్చింది.

“నువ్వే సెప్పించేవంట కదా వదినా. దేవదానం అన్నయ్య మా ఆయనకి సెప్పేడు. నాకు ధైర్నం సాల్లేదు, జ్ఞానమే రోజూ పోరు పెట్టి పంపింది అన్నాడంట. మొగుడి ఉద్యోగం పోతాదని తెలిసి ఎవుర్తి పంపుద్ది? నా తోడబుట్టింది కూడా పంపదు.”

ఆమె వీపు నిమిరాను.

ఆమె వెళ్ళాక ఆయన్ని అడిగాను. “ఎందుకలా చెప్పారు?”

“నన్ను ఎలాగూ తిడతారు. నిన్ను కూడా తిట్టాలేటి?” అన్నారు.

జనవరి 2

అలాగే ఉంచేస్తే ఎవరికి నష్టం? ఎవరికీ లేదు. ఆమెకి సంతోషం, ఆయనకి సంతోషం. పొద్దున్నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. ఎంత ఆలోచించినా తప్పు కనబడలేదు.

కాని అన్నం దిగడం లేదు.

జనవరి 3, ఆదివారం

వెళ్ళాను.

నరసమ్మ వదిన వాకిట్లో కందికాయలు వలుస్తోంది. నన్ను చూసి పీట జరిపి, చేట నా వైపు తోసింది. నేనూ కాసేపు వలిచాను. తర్వాత చెప్పాను.

“వదినా, మా ఆయన చెప్పింది నిజం కాదు. నేను పంపలేదు. మొదటి ఆదివారమే ఆయన బయల్దేరారు, నేనే చొక్కా పట్టుకుని ఆపేను. మీ అర్జీ రాసినప్పుడు కూడా నాకంతా తెలుసు.”

ఆమె చేతులు ఆగలేదు. ఒక కాయ వలిచింది, ఇంకో కాయ వలిచింది.

“నేను నీ బల్ల కాడ కూకున్నప్పుడు తెలుసా?”

“తెలుసు.”

“క్రిస్మస్ నాడు నాకు వడ్డించినప్పుడు?”

“తెలుసు. బంగార్రాజు అన్నయ్యకి పొలముంది, ఉద్యోగం పోయినా బతుకుతారు అన్నాను. అది కూడా నేనే అన్నాను.”

అప్పుడు ఆగాయి. కోపంగా చూస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, దానికి సిద్ధపడే వెళ్ళాను. ఆమె మొహంలో కోపం లేదు. ఏదో చేతిలోది జారిపోయినట్టు చూసింది.

“ఎందుకు సెప్పేవు వదినా?” అంది. “సెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా. ఇప్పుడు నీతో మాట్టాడ్డం మానెయ్యాలి నేను.”

నేను లేచాను. ఆమె చేట దగ్గరికి లాక్కుని మళ్ళీ వలవడం మొదలెట్టింది. తల ఎత్తలేదు. వీధి మలుపుదాకా వెనక్కి చూసుకుంటూ వచ్చాను.

ఆయన ఇంటి ముందు నిలబడి ఉన్నారు. యార్డు పనికి చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

“సెప్పేసేవా?”

“చెప్పేను.”

“ఏటంది?”

“ఇంక మాట్లాడదట.”

“ఎన్నాళ్ళంట?” అని అడిగారు.

నేను అడగలేదు. అది అడగొచ్చని నాకు తోచనే లేదు.